‘మంచిగున్న’కు ఒక బంప్ టెస్ట్

రాస్ తనూరా రిఫైనరీ నీడలో బతికే తెలుగువాళ్లు వారం వారం ఇంటికి చెప్పే అబద్ధం ఒకటుంది. మాటలతో మనసును మార్చుకోవచ్చనే ఎన్‌ఎల్‌పీ కోర్సులు, రక్తం తీసే హిజామా కప్పులు, యోగా చాపలు, పిరమిడ్ ధ్యానాలు ఆ అబద్ధం చుట్టూ తిరుగుతున్నాయి. వాటిలో పనికొచ్చేదెంత, పొట్టెంత?

గురువారం సాయంత్రం ఆరున్నరకి రహీమాలో మా బిల్డింగ్ మేడ ఎక్కితే, కళ్లు మూసుకునే తెలుగు జిల్లాల పటం గీయొచ్చు. ఇక్కడ ఆరున్నర అంటే ఇంటి దగ్గర తొమ్మిది. అన్నాలు తిని, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునే వేళ. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి జగిత్యాల అన్న ‘‘మంచిగున్న అవ్వా, నువ్వు మంచిగున్నవా?’’ అంటుంటాడు. మెట్ల మీద కూర్చున్న రాజంపేట పెద్దాయన ‘‘నేను బాగుండా, మీరెట్లుండారు?’’ అంటాడు. ఉద్దానం తమ్ముడు ‘‘నాకేటైందే అమ్మా, బాగున్నాను’’ అని నవ్వుతాడు. కోనసీమవాణ్ణి నేను, ‘‘బానే ఉన్నానండీ’’ అని మావయ్యగారికి చెబుతాను. యాసలు నాలుగు, చెప్పేది ఒకటే.

ఫోన్లు పెట్టేశాక ఎవరి ముఖం వాళ్లది. అన్నకు ఆ వారమంతా నిద్ర లేదు. చెల్లె పెండ్లికి తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతోంది. పెద్దాయనకు మెడ వెనక బరువు. తమ్ముడు షట్‌డౌన్ పనిలో పన్నెండు గంటల డ్యూటీ చేసి మోకాలికి గుడ్డ కట్టుకున్నాడు. నాకేమో పదేళ్ల కూతురు ఫోన్లో ‘ఊ’ తప్ప ఇంకో మాట మాట్లాడక మూడు నెలలైంది.

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. గ్యాస్ డిటెక్టర్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటం నా పనిలో భాగం. చమురు పనుల్లో అందరూ భయపడేది హైడ్రోజన్ సల్ఫైడ్‌కి. మా భాషలో ‘హెచ్‌టూఎస్’. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు 100 పీపీఎం దాకా చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాసు పోయిందనుకున్నవాడు అక్కడే కూలిపోతాడు. అందుకే ముక్కును నమ్మొద్దు, మీటరును నమ్మమంటారు. మీటరును కూడా ఊరికే నమ్మరు. పనికి వెళ్లే ముందు తెలిసిన మోతాదులో కాస్త గ్యాసు దాని మీదికి వదిలి, అలారం మోగుతుందో లేదో చూస్తారు. దాన్నే బంప్ టెస్ట్ అంటారు. ఎందుకంటే సున్నా చూపించే మీటర్లు రెండు రకాలు. గ్యాసు లేక సున్నా చూపించేది ఒకటి, సెన్సర్ చచ్చిపోయి సున్నా చూపించేది ఇంకొకటి. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి.

మా మేడ మీది ‘మంచిగున్న’ ఏ రకం సున్నా? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

పొయ్యి పేరున్న ఊరు

‘రాస్’ అంటే అరబ్బీలో తల, సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూమి మొన. ‘తన్నూర్’ అంటే పొయ్యి. మన తందూరీ రొట్టె కాలే తందూర్ ఆ మాటకు దగ్గరి చుట్టమే. మూడువైపులా నీళ్లున్నా జులైలో ఈ మొన మీద నిలబడితే పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ పైనుంచి కాలిస్తే, సముద్రపు ఉక్క లోపలి నుంచి ఉడికిస్తుంది.

సౌదీ తూర్పు ప్రాంతంలో, దమ్మామ్‌కు ఉత్తరాన ఉంది ఈ ఊరు. 1938లో దహ్రాన్ దగ్గర ఏడో నంబరు బావిలో చమురు పడింది. మరుసటి ఏడాది మే 1న, ఇక్కడి నుంచే రాజు అబ్దుల్ అజీజ్ స్వయంగా వాల్వు తిప్పగా ‘డి.జి. స్కోఫీల్డ్’ అనే ఓడలోకి సౌదీ ముడిచమురు మొదటిసారి ఎక్కింది. 1945లో పెద్ద రిఫైనరీ నడవడం మొదలైంది. ఇవాళ దాని సామర్థ్యం రోజుకు 5,50,000 బ్యారెళ్లు. కంపెనీ ఉద్యోగుల కాలనీ పేరు నజ్మా. అక్కడ పచ్చిక ఉంది, బీచ్ ఉంది. కాంట్రాక్టు మనుషులం ఎక్కువగా ఉండేది గేటు బయట రహీమా ఊళ్లో. ఇక్కడ బక్కాలా అనే కిరాణా కొట్లున్నాయి, ఖుబూస్ రొట్టెల కొట్లున్నాయి, మలబారు హోటళ్లున్నాయి. గదికి నలుగురం ఉన్నాం.

ఇంతమంది ఒంటరివాళ్లు ఒక్కచోట ఉంటే మనసు బాగుచేస్తామనేవాళ్లు రాకుండా ఎలా ఉంటారు? రెండు నెలల కిందట మా వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు పడింది. ‘మీ మెదడును మీరే రీప్రోగ్రామ్ చేసుకోండి! తెలుగులో ఎన్‌ఎల్‌పీ, జూమ్‌లో రెండు వారాంతాలు, సర్టిఫికెట్ ఉచితం’. సర్టిఫికెట్ ఉచితమే. కోర్సు మాత్రం తమ్ముడి జీతంలో మూడో వంతు. వాడు చేరతానన్నాడు. వద్దనడానికి నాకు దాని గురించి ఏమీ తెలియదు. తెలుసుకుందామని కూర్చున్నాను.

ఇద్దరు మనుషులు, ముగ్గురు గురువులు

ఎన్‌ఎల్‌పీ అంటే న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. పేరు వింటే ఆసుపత్రి, కంప్యూటర్ కలిసి గుర్తొస్తాయి. పుట్టింది మాత్రం కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ విశ్వవిద్యాలయంలో, 1970ల్లో. రిచర్డ్ బాండ్లర్ అక్కడ విద్యార్థి. జాన్ గ్రిండర్ భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. కొందరు వైద్యులు నాలుగు మాటలు మాట్లాడగానే మనిషి ఎందుకు తేలికపడతాడు, అదే మాట ఇంకొకరు చెబితే ఎందుకు పనిచేయదు అన్నది వాళ్ల ప్రశ్న. ఆ కిటుకు పట్టుకుంటే ఎవరైనా నేర్చుకోవచ్చనుకున్నారు.

వాళ్లు గమనించింది ముగ్గుర్ని. గెస్టాల్ట్ చికిత్సకు పేరుపడ్డ ఫ్రిట్జ్ పెర్ల్స్ ఒకరు. కుటుంబాలన్నింటినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించిన వర్జీనియా సాటిర్ ఇంకొకరు. మూడో ఆయన ఫీనిక్స్ అనే ఎడారి ఊళ్లో ఉండే హిప్నాటిస్టు మిల్టన్ ఎరిక్సన్. పదిహేడేళ్ల వయసులో పోలియో వచ్చి ఒళ్లంతా చచ్చుబడి మంచంపట్టిన ఎరిక్సన్, చేయడానికి ఇంకేమీ లేక ఇంట్లోవాళ్లను చూస్తూ పడుకున్నాడు. ‘సరే’ అని నోటితో అంటూ ఒంటితో ‘కాదు’ అనే మనుషుల్ని చూసి చూసి, మనిషిని చదవడం నేర్చుకున్నాడు. నాకు ఈ ముగ్గురిలో బాగా దగ్గరైంది ఆయనే. ఫోన్లో ‘మంచిగున్న’ అంటూ నీళ్ల ట్యాంకును వేలిగోరుతో గీకే అన్నను ఎరిక్సన్ అయితే ఒక్క చూపుతో పట్టేసేవాడు.

1975లో బాండ్లర్, గ్రిండర్‌ల మొదటి పుస్తకం వచ్చింది. ఆ తర్వాత కోర్సులు, సర్టిఫికెట్లు, వ్యాపారం. ఎదుటివాడితో సామరస్యం ఎలా కుదుర్చుకోవాలో లోకానికి నేర్పిన ఆ ఇద్దరూ, ఆ పేరు ఎవరిదన్న దాని మీద కోర్టుకెక్కారు.

అరబ్బుల్లో ఈ విద్యకు ఇంటింటి పేరు తెచ్చింది ఈజిప్టులో పుట్టి కెనడాలో స్థిరపడ్డ ఇబ్రహీం అల్ ఫికీ. 2012లో కైరోలో తన ఫ్లాట్‌కు నిప్పంటుకుని చనిపోయేదాకా ఆయన సభలకు జనం విరగబడేవారు. సౌదీలో మతపండితులు కొందరు దీన్ని గట్టిగా తప్పుపట్టారు కూడా. మన దగ్గర ఈ నేల ముందే దున్ని ఉంది. ఇంద్రజాలం, హిప్నాటిజం, వ్యక్తిత్వ వికాసం మూడింటినీ ఒకే వేదిక మీదికి తెచ్చిన బి.వి. పట్టాభిరామ్‌ను చూడని కాలేజీ ఆ రోజుల్లో తక్కువ. ఆయన 2025లో కన్నుమూశారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ మా పెద్దాయన పెట్టెలో ఇప్పటికీ ఉంది. కాబట్టి ఆ పోస్టరు మాకు కొత్త దేవుణ్ణి తేలేదు, పాత దేవుడికి కొత్త అలంకారం చేసింది.

మేడ మీద నలుగురు, సాటిర్ చెప్పిన నలుగురు

సాటిర్ చెప్పిన ఒక సంగతి చదివి నేను నవ్వుకున్నాను. మనసులో కష్టం ఉన్నప్పుడు మనుషులు నాలుగు రకాలుగా దాన్ని దాచుకుంటారట. ఒకడు ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా సర్దుకుపోతాడు. ఒకడు తప్పంతా ఇంకొకరి మీదికి తోస్తాడు. ఒకడు లెక్కల యంత్రంలా మాట్లాడతాడు. ఇంకొకడు జోకులేసి మాట దారి మళ్లిస్తాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఐదోవాడు.

అన్న సర్దుకుపోతాడు. పెద్దాయన ‘మీ వల్లే నేనీ ఎండలో పడుండా’ అని కొడుకును తిడతాడు. తమ్ముడు వాళ్లమ్మను నవ్విస్తాడు. నేను ఎంత పంపానో, బ్యాంకు వాయిదా ఎంత పోయిందో, స్కూలు ఫీజు ఎంత మిగిలిందో రూపాయలతో సహా చెబుతాను. పదేళ్ల పిల్ల అలాంటి నాన్నతో ‘ఊ’ కాక ఏమంటుంది? మా గదిలో లేనిది ఆ ఐదోవాడే.

ఎన్‌ఎల్‌పీ పనిముట్లలో మొదటిది ఇక్కడే పనికొచ్చింది. వాళ్లు దాన్ని మెటా మోడల్ అంటారు. విషయం తేలిక. మనిషి బాధలో మాట్లాడేటప్పుడు ‘ఎప్పుడూ’, ‘ఎవరూ’, ‘అంతా’, ‘తప్పదు’ అనే మాటలు ఎక్కువ వాడతాడు. ఆ మాట దగ్గర ఆగి, ‘ఎవరు? ఎప్పుడు? సరిగ్గా ఏమైంది?’ అని అడగాలి. గోరంతను కొండంత చేసేది ఆ చిన్న మాటలే కాబట్టి, వాటిని విప్పితే కొండ మళ్లీ గోరంత అవుతుంది.

ఒక రాత్రి అన్న ‘‘పైసలకు తప్ప నేను ఇంట్ల ఎవ్వలకు యాదికి రాను’’ అన్నాడు.

‘‘ఎవ్వలకూ అంటే? నిన్న ఫోన్ ఎవరు చేశారన్నా?’’

‘‘అవ్వ జేసింది.’’

‘‘పైసలడిగిందా?’’

కాసేపు ఆగాడు. ‘‘లేదు. కలలకొచ్చిన్నట. అందుకే జేసింది.’’ అంటూ దిండుకు ముఖం తిప్పుకున్నాడు. ఆ రాత్రి ఆయన గురక విన్నాను.

ఆ ధైర్యంతో అదే పనిముట్టును మా ఆవిడ మీద ప్రయోగించాను. ‘మీరెప్పుడూ ఇంతే’ అంది. ‘ఎప్పుడూ అంటే సరిగ్గా ఎప్పుడు?’ అన్నాను. ఆ వారం నాకు ఫోన్ రాలేదు. ప్రశ్న ఒకటే, ఒకచోట చెయ్యి పట్టుకుంది, ఇంకోచోట కాలర్ పట్టుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న మన సామెతలో ఉన్నది అదే. మాట కన్నా ముందు నోరు మంచిది కావాలి.

రెండున్నరకి మోగే ఫోన్

రెండో పనిముట్టు యాంకరింగ్. గంట కొట్టి అన్నం పెట్టగా పెట్టగా గంట వినగానే కుక్కకు నోరూరిందని పావ్‌లోవ్ చెప్పిన పాఠమే దీని మూలం. ఏదైనా మంచి స్థితిలో ఉన్నప్పుడు ఒక స్పర్శనో, శబ్దాన్నో దానికి ముడివేస్తే, తర్వాత ఆ స్పర్శతో ఆ స్థితిని పిలవొచ్చంటారు.

పిలవొచ్చో లేదో గానీ, చెడ్డ ముళ్లు పడతాయని మాత్రం గల్ఫ్ మనిషికి చెప్పక్కర్లేదు. ఊళ్లో ఐదింటికి ఎవరైనా పోతే ఇక్కడ రెండున్నరకి ఫోన్ మోగుతుంది. నాన్నగారు పోయిన కబురు నాకు అలాగే వచ్చింది. ఆ రింగ్‌టోన్ బజారులో ఎవరి జేబులో మోగినా నా గుండె జారేది. ఆ ఫోన్ మార్చాను, టోన్ మార్చాను. అంతే, సగం తగ్గింది. ఇందుకు నేను ఎవరికీ ఫీజు కట్టలేదు.

మంచి ముళ్లు కూడా మన దగ్గర పాతవే. ప్రయాణానికి ముందు అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినప్పుడు, దిష్టి పోయిందో లేదో తెలియదు, బస్సెక్కిన వాడి భుజాలు మాత్రం కిందికి దిగుతాయి. పెద్దాయన హెల్మెట్ పట్టీ ‘టక్’మనగానే ఊళ్లో వేంకటేశ్వరుణ్ణి తలుచుకుని నిచ్చెన ఎక్కుతాడు. ఇరవై ఏళ్లుగా అంతే. ఆయనకు యాంకరింగ్ అనే మాట చెబితే ‘‘అదేందో గానీ, నాకది అలవాటు’’ అన్నాడు.

మూడోది రీఫ్రేమింగ్. ఉన్న సంగతినే ఇంకో చట్రంలో చూడటం. ‘సౌదీ నా పన్నెండేళ్లు మింగింది’ అన్నది ఒక చట్రం. ‘పన్నెండేళ్లలో ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లు, ఒక ఇల్లు, ఒక బోరు’ అన్నది ఇంకోటి. రెండూ నిజాలే. రెండోది తలుచుకున్న రోజు పని నడుస్తుంది. కానీ దీనికో హద్దుంది. రెండు నెలలుగా జీతం రానివాడితో దాన్ని ‘పొదుపు’ అనుకో అనకూడదు. వాడికి కావలసింది చట్రం కాదు, కార్మిక శాఖలో ఫిర్యాదు.

తూకం వేస్తే ఎంత?

తమ్ముడికి చెప్పాల్సింది ఇక్కడుంది. ఎన్‌ఎల్‌పీ వాళ్లు చెప్పే పెద్ద పెద్ద మాటలకు పరీక్షలు జరిగాయి. మనుషుల సామర్థ్యం పెంచే పద్ధతులను పరిశీలించమని అమెరికా సైన్యం అడిగితే, అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1988లో నివేదిక ఇచ్చింది. ఎన్‌ఎల్‌పీ సిద్ధాంతానికి తగిన ఆధారం దొరకలేదని అందులో తేల్చింది. కళ్లు కుడివైపు పైకి తిరిగితే అబద్ధం, ఎడమవైపు తిరిగితే నిజం అని కోర్సుల్లో చెప్పే కిటుకును రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు 2012లో పరీక్షించారు. కళ్లకూ అబద్ధానికీ సంబంధం కనిపించలేదు. అదే ఏడాది ఆరోగ్య సమస్యల మీద జరిగిన పది ప్రయోగాలను కలిపి చూసిన బ్రిటన్ సమీక్ష కూడా, ఎన్‌ఎల్‌పీతో ఆరోగ్యం మెరుగవుతుందనడానికి ఆధారాలు చాలా తక్కువని చెప్పింది.

అయితే మా గదిలో పనిచేసిందేమిటి? ఎన్‌ఎల్‌పీ పెట్టెలో ఉన్న పాత సరుకు. అతిగా సాగే ఆలోచనలను పట్టుకుని నిజంతో పోల్చి చూడటాన్ని ఆరన్ బెక్ 1960ల్లోనే చికిత్సగా మలిచాడు. అదే పెరిగి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అయింది. దిగులుకు, ఆందోళనకు అది పనికొస్తుందని ఎన్నో పరీక్షల్లో నిలబడింది. అది చేసేవాళ్లు ఏళ్ల తరబడి చదువుతారు. రెండు వారాంతాల్లో జూమ్‌లో ‘మాస్టర్ ప్రాక్టీషనర్’ కారు. ఇన్‌స్ట్రుమెంట్ పనిలో కూడా మీటరు కొనగానే టెక్నీషియన్ అయిపోతే నేను ఈపాటికి ఇంటికెళ్లిపోయేవాణ్ణి.

తమ్ముడు ఇదంతా విని, ‘‘అయితే డబ్బులు కట్టొద్దంటావా అన్నా?’’ అన్నాడు. ‘‘ఆ డబ్బుతో మోకాలికి ఎక్స్‌రే తీయించు’’ అన్నాను. తీయించాడు.

కప్పులు, చాపలు, గింజలు

మనసు కోసం ఒళ్లును పట్టుకునే పద్ధతులు ఈ ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. హిజామా సంగతే చూడండి. వీపు మీద కప్పులు పెట్టి గాలి లాగి, సన్నగా గాట్లు పెట్టి రక్తం తీస్తారు. ముస్లింలకు ఇది ప్రవక్త చెప్పిన వైద్యం. సౌదీ ఆరోగ్యశాఖలో ప్రత్యామ్నాయ వైద్యం కోసం ఒక జాతీయ కేంద్రమే ఉంది. హిజామా చేసేవాళ్లు దాని లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సున్న క్లినిక్‌లో కొత్త బ్లేడు, కొత్త కప్పు ఉంటాయి. గదుల్లో ముప్పై రియాళ్లకు చేసేవాడి దగ్గర ఆ రెండూ కొత్తవని ఎవరు హామీ ఇస్తారు? రక్తంతో హెపటైటిస్ వస్తే దాన్ని తీసే కప్పు లేదు.

యోగా ఇక్కడ ఒకప్పుడు తలుపులు వేసుకుని చేసేది. 2017 నవంబరులో ప్రభుత్వం దాన్ని క్రీడా కార్యక్రమంగా అనుమతించింది. దాని కోసం ఏళ్లపాటు పాటుపడిన సౌదీ మహిళ నౌఫ్ మర్వాయీకి మరుసటి ఏడాది మన దేశం పద్మశ్రీ ఇచ్చింది. ఇప్పుడు యోగా దినమైన జూన్ 21న ఇక్కడ కూడా చాపలు పరుచుకుంటాయి. నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే గుండె వేగం తగ్గుతుందన్నది చేతి గడియారం కూడా చూపించే సంగతి. డ్యూటీ బస్సులో ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకునే అలవాటు నాకు నిద్ర ఇచ్చింది. దానికి పిరమిడ్ ధ్యానం వాళ్లు పెట్టుకునే టోపీ ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే. టోపీ పెట్టుకున్నవాణ్ణి వెక్కిరించను. కళ్లు మూసుకోవడానికి వాడికొక సాకు దొరికింది.

నల్లజీలకర్ర గింజలు, ఖర్జూరం, తేనె, నిమ్మరసంతో పూటకో ప్రకృతి వైద్యం... వీటితో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడొస్తుందంటే, ఇవి మందుకు తోడుగా ఉండటం మానేసి మందు కుర్చీలో కూర్చున్నప్పుడు. మా పెద్దాయన ఒక ఉచిత ఆన్‌లైన్ ఉపన్యాసం విన్నాడు. ‘జబ్బు మీ నమ్మకంలోనే ఉంది, నమ్మకం మార్చండి, మాత్ర మానండి’ అన్నాడట అందులో పెద్దమనిషి. పదకొండు రోజులు బీపీ మాత్ర ఆపేశాడు. రోజూ పొద్దున అద్దం ముందు ‘నేను ఆరోగ్యంగా ఉన్నాను’ అని ఇరవై ఒక్కసార్లు అనుకున్నాడు. పన్నెండో రోజు మెట్ల దగ్గర కూలబడితే క్లినిక్‌కు తీసుకెళ్లాం. పై అంకె 190. డాక్టరు తిట్టి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాడు.

ఆ రాత్రి పెద్దాయన ఒక మాటన్నాడు. ‘‘అప్పా, ఆ పదకొండు దినాలూ నాకు నిజంగా బాగున్నట్టే ఉండె.’’ హెచ్‌టూఎస్‌లో ముక్కు చచ్చినవాడు చెప్పేదీ ఇదే. వాసన లేదు, హాయిగా ఉంది.

మాటకు లొంగనివి

మాటతో మనసు కొంత మారుతుంది. ఒళ్లు మారదు, ఎండ మారదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకూ ఎండలో పని చేయించకూడదన్న నియమం సౌదీలో ఉంది. మనోబలం పెంచుకోండని చెబితే సరిపోయేదైతే ఆ నియమం అక్కర్లేదు. వడదెబ్బ ధైర్యవంతుణ్ణి, పిరికివాణ్ణి వేరుగా చూడదు. చెమటతో పోయినన్ని నీళ్లు తాగకుండా, నొప్పికి రోజూ పెయిన్ కిల్లర్ మింగితే కిడ్నీ దెబ్బతింటుంది. ఉద్దానం తమ్ముడికి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. వాళ్ల పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో వాడికి పేర్లతో తెలుసు. అయినా మోకాలి నొప్పికి జేబులో మాత్రల పట్టీ పెట్టుకు తిరిగాడు. ‘‘తట్టుకోవాలి గదన్నా’’ అన్నాడు అడిగితే.

ఆ ‘తట్టుకోవాలి’ దగ్గరే నాకు ఈ కోర్సులన్నిటి మీదా అసలు ఫిర్యాదు. ఇవి బాధ్యతంతా ఒక్కడి నెత్తిన పెడతాయి. నీ ఆలోచన మారితే నీ లోకం మారుతుందంటాయి. మరి మారకపోతే? తప్పు నీ ఆలోచనదే. అప్పు వడ్డీ, ఏజెంటు మోసం, నిద్ర పట్టని నైట్ షిఫ్ట్, ఏడాదికి ఒక్క నెల సెలవు, ఇవేవీ లెక్కలోకి రావు. మనిషి తన దిగులుకు తానే దోషి అవుతాడు. దోషి అనుకున్నవాడు ఇంకా గట్టిగా ‘మంచిగున్న’ అంటాడు.

మా పనిలో అలా నడవదు. మీటరు మోగితే మోగినందుకు ఎవరూ మీటరును తిట్టరు. గాలి ఎటు వీస్తోందో విండ్ సాక్ చూసి, గాలికి ఎదురుగా నడిచి, అందరం ఒకచోట చేరి తలలు లెక్కపెట్టుకుంటాం. ఒక్క తల తగ్గినా వెతుకుతాం. మనసు విషయంలో మాత్రం ఎవడి అలారం వాడే నొక్కేసుకుంటాడు.

అందుకే ఇప్పుడు మా గదిలో ఒక ఏర్పాటు చేసుకున్నాం. పేరేమీ పెట్టలేదు. శుక్రవారం పొద్దున టిఫినయ్యాక ఒకరినొకరం మూడు అడుగుతాం. ఈ వారం ఎన్ని రాత్రులు నిద్ర పట్టింది? మాత్రలు ఎన్ని మిగిలాయి? ఇంటికి చెప్పనిది ఏమైనా ఉందా? మొదటి రెండింటికి అంకె చెప్పాలి. మూడోదానికి ‘ఉంది’ అంటే చాలు, ఏమిటో చెప్పక్కర్లేదు. మొదటి వారం నలుగురమూ ‘ఉంది’ అన్నాం. తర్వాత చాలాసేపు ఎవరూ లేచి గ్లాసులు కడగలేదు.

ఆ మధ్యాహ్నమే నేను ఇంటికి ఫోన్ చేసి, డబ్బు లెక్క ఎత్తకుండా, ‘‘అమ్మడూ, నాన్నకి ఈ వారం నిద్ర పట్టలేదు’’ అని కూతురికి చెప్పాను. ‘‘ఎందుకు?’’ అంది. మూడు నెలల తర్వాత దాని నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. అటునుంచి నాకు ఒక కథ చెప్పింది, నిద్రపోవడానికి.

ఇంటివాళ్ల బంప్ టెస్ట్

గల్ఫ్‌లో ఉన్న మీ మనిషిని ‘బాగున్నావా?’ అని అడిగితే వచ్చే జవాబు ముందే రాసి ఉంటుంది. దాని బదులు అంకెతోనో, వస్తువుతోనో తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న అడగండి.

రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు?

ఇవాళ ఏం తిన్నావు, ఎవరితో కూర్చుని తిన్నావు?

బీపీ, షుగర్ మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయి? ఒకసారి వీడియోలో చూపించు.

జీతం ఏ తేదీన పడింది?

ఈ వారం గదిలోవాళ్లతో కలిసి నవ్వింది ఎప్పుడు?

వరుసగా రెండు వారాలు నిద్ర లేదన్నా, తిండి మానేసినా, బతకాలని లేదన్న మాట వచ్చినా అది కోర్సుల పని కాదు, డాక్టరు పని. సౌదీలో ఆరోగ్యశాఖ నంబరు 937. ఇండియాలో ఉన్న ఇంటివాళ్లు తమ దిగులుకైనా, సలహాకైనా 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ ఇది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు.

వచ్చే గురువారం మీ ఇంట్లో ఫోన్ మోగినప్పుడు, అటువైపు మనిషి ‘మంచిగున్న’ అన్నాక ఇంకో ప్రశ్న అడగండి. జవాబు వెంటనే రాకపోతే ఫోన్ పెట్టేయకండి.